ప్లకార్డుకు ఎక్కని మగవాళ్లు

నవంబరు మధ్యకు వచ్చేసరికి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక లెక్క తప్పకుండా తిరుగుతుంది. ఒకే ఏడాదిలో ఆత్మహత్య చేసుకున్న వివాహిత పురుషులు 81,063 మంది, వివాహిత స్త్రీలు 28,680 మంది. దాని కింద తల పట్టుకుని కూర్చున్న మగవాడి నీడ, ఆ కింద ‘మాకు కమిషన్ ఎప్పుడు?’ అనే ప్రశ్న. 19వ తేదీన అంతర్జాతీయ పురుషుల దినోత్సవం గడవగానే ఆ బొమ్మ మాయమై మళ్లీ ఏడాదికి గానీ కనిపించదు. ఈసారి దాన్ని పంపినవాడు నాకు బాగా కావలసినవాడు. అందుకే చూసి వదిలేయలేకపోయాను.

ఆ అంకెలు అబద్ధం కావు. జాతీయ నేర నమోదు సంస్థ 2021 సంవత్సరానికి విడుదల చేసిన నివేదికలోనివే. వాటినే ఆధారం చేసుకుని జాతీయ పురుషుల కమిషన్ ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టులో ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా దాఖలైంది. 2023 జులై 3న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తాల ధర్మాసనం దాన్ని విచారణకు తీసుకోవడానికి నిరాకరిస్తూ, మీరు ఒకవైపు చిత్రమే చూపిస్తున్నారు, పెళ్లయిన కొద్దికాలానికే చనిపోతున్న అమ్మాయిల లెక్క మీ దగ్గర ఉందా అన్న అర్థం వచ్చేలా ప్రశ్నించింది. న్యాయమూర్తుల మీద గౌరవంతోనే అంటున్నాను, నాకు ఆ ప్రశ్న కూడా పూర్తిగా నచ్చలేదు. చనిపోయిన ఆడవాళ్లను ఒక పళ్లెంలో, మగవాళ్లను మరో పళ్లెంలో పెట్టి తూచడం దగ్గర వాది ఆగిపోతే, న్యాయస్థానమూ అక్కడే ఆగినట్టు అనిపించింది. అడగవలసింది వేరే ఉంది: ఆ 81,063 మంది ఎవరు?

పురుషుల హక్కుల ఉద్యమం లేని బాధను కల్పిస్తోందని నేను అనుకోవడం లేదు. భార్య పెట్టిన కేసులో ఏళ్ల తరబడి వాయిదాల చుట్టూ తిరిగిన మనుషులను దగ్గరగా చూశాను. నా అభ్యంతరం వేరు. ఈ ఉద్యమం నిజంగా పోరాడేది కుటుంబ తగాదా కేసుల్లో నిందితులైన భర్తల కోసం. జనం ముందుకు వచ్చేటప్పుడు మాత్రం దేశంలోని మగవాళ్లందరి తరఫున వచ్చినట్టు పరిచయం చేసుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలో చాలామంది మగవాళ్లు కనబడకుండా పోతున్నారు. చివరికి నిందితులైన భర్తలకు కూడా దానివల్ల మేలు జరగడం లేదు.

లెక్క లోపలి మనుషులు

2021లో దేశంలో నమోదైన ఆత్మహత్యలు 1,64,033. అందులో మగవాళ్లు 1,18,979 మంది. ఈ మగవాళ్లలో 37,751 మంది రోజుకూలీలు, అంటే దాదాపు మూడో వంతు. కారణాల పట్టికలో ‘వివాహ సంబంధ సమస్యలు’ అన్న పద్దు కింద చూపింది మొత్తంలో 4.8 శాతం. ‘కుటుంబ సమస్యలు’ అన్న పద్దు 33.2 శాతంతో అన్నిటికంటే పెద్దది. సుప్రీంకోర్టుకు వెళ్లిన వ్యాజ్యంలో ఈ రెండు శాతాలూ ఉన్నాయి, వాట్సాప్ బొమ్మలో లేవు.

దీనికి సమాధానం ఉందని నాకు తెలుసు. కుటుంబ సమస్యలు అన్నదాంట్లో భార్యాభర్తల గొడవలు కలిసి ఉంటాయి, స్టేషన్లో రాసే కారణం చాలాసార్లు ఆ రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు చెప్పిన మాట మాత్రమే, ఆ మాటకు వెనుక అప్పుందో మద్యముందో జబ్బుందో పట్టికకు ఎక్కదు. నిజమే. అయితే ఆ సందేహం రెండు వైపులా పని చేస్తుంది. కారణం తెలియని మరణాన్ని వరకట్న వేధింపు చట్టం ఖాతాలో వేయడానికి కూడా వీల్లేదు. మన దేశంలో ముప్పై దాటిన మగవాడికి పెళ్లయి ఉండటమే మామూలు. ఏ కారణంతో చనిపోయిన మగవాళ్లను లెక్కవేసినా అందులో వివాహితులే ఎక్కువగా ఉంటారు. అదే నివేదికలో ఆ ఏడాది చనిపోయిన స్త్రీలు 45,026 మంది అయితే అందులో 23,178 మంది గృహిణులు. ఆ అంకెను ఎత్తి చూపి ఇది ఫలానా చట్టం లేకపోవడం వల్లనే అని ఎవరైనా అంటే అప్పుడూ ఒప్పుకోను.

ఆ 37,751 మంది కూలీల గురించి ఈ ఉద్యమం ఏ డిమాండ్ పెట్టింది? కనీస వేతనం గురించి, మైక్రోఫైనాన్స్ వసూళ్ల గురించి, కౌలు రైతుకు గుర్తింపు కార్డు గురించి, డ్రైనేజీలో దిగి ఊపిరాడక పోయే పారిశుద్ధ్య కార్మికుల గురించి, వాళ్లు దాదాపుగా అందరూ మగవాళ్లే, ఒక్క కరపత్రం కూడా నా కంటపడలేదు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లి పెట్టెలో శంషాబాద్‌కు తిరిగొచ్చేది ఎక్కువగా మగవాళ్లే. వాళ్ల కోసం కొట్లాడుతున్నది గల్ఫ్ కార్మిక సంఘాలు, ఒంటరిగా మిగిలిన వాళ్ల భార్యలు. చనిపోయిన కూలీ మనిషి లెక్కకు పనికొచ్చి డిమాండ్లకు పనికిరాకపోవడం నాకు మింగుడు పడలేదు.

ధర్నా చౌక్‌లో ఒక అమ్మ

కొన్నేళ్ల క్రితం ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో ఇలాంటి ఒక సమావేశానికి వెళ్లాను. నలభై యాభై మంది ఉంటారు, ఎక్కువ మంది ముప్పై, నలభై మధ్య వయసు ఉద్యోగులు. అందరికీ ఒకే రకం తెల్ల టీషర్టులు, ఇంగ్లీషులో అచ్చువేసిన ప్లకార్డులు. మైకు ముందు మాట్లాడినవాళ్లు పకడ్బందీగా మాట్లాడారు: చట్టాల్లో లింగభేదం ఉండకూడదు, తప్పుడు కేసు పెట్టినవారికి శిక్ష పడాలి, తండ్రికి పిల్లల మీద సమాన హక్కు ఉండాలి. కాదనడానికి పెద్దగా ఏమీ లేని మాటలు.

ఆ గుంపుకు కొంచెం ఎడంగా, చెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అరవై ఐదు దాటి ఉంటాయి. ఒళ్లో బట్టల దుకాణం వాళ్లిచ్చిన సంచి, అందులో మూడు ప్లాస్టిక్ ఫైళ్లు. పలకరిస్తే ఒక ఫైలు తీసి చార్జిషీటు నకలు చూపించింది. ఎ1 కొడుకు, ఎ2 తను, ఎ3 వేరే జిల్లాలో కాపురముంటున్న కూతురు. కొడుకు కోసం కాదు బాబూ, నా కూతుర్ని ఎందుకు ఇరికించారో అది అడుగుదామని వచ్చాను, మైకు ఇస్తారేమో అని చూస్తున్నాను అంది. నేనున్నంతసేపూ ఆమెకు మైకు ఇవ్వలేదు. ఫోటో తీసేటప్పుడు మాత్రం ముందు వరుసలోకి పిలిచి చేతికో ప్లకార్డు ఇచ్చారు. దానిమీద ఏం రాసి ఉందో ఆమెకు తెలియదు.

2014 జులై 2న అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఈ ఉద్యమంలో ఉన్నవాళ్లందరూ తలుచుకుంటారు. అందులో ఒక లెక్క ఉంది. 2012లో, భార్యను భర్త గానీ అతని బంధువులు గానీ వేధించడాన్ని నేరంగా చూసే పాత శిక్షాస్మృతిలోని 498ఎ సెక్షన్ కింద దేశవ్యాప్తంగా అరెస్టయినవారు 1,97,762 మంది, అందులో 47,951 మంది స్త్రీలు, అంటే నాలుగో వంతుకు దగ్గర. అత్తలు, ఆడపడుచులు, తోటికోడళ్లు. ఈ చట్టం అమలులో అన్యాయం జరుగుతోందని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు. అయినా ఆ అంకెను ప్లకార్డు మీద నేను చూడలేదు. ఎందుకని? ‘మగవాళ్ల మీద చట్టం పగబట్టింది’ అనే కథలో ఈ ఆడవాళ్లు ఇమడరు కాబట్టి అని నా అనుమానం. ఆ అంకె చెప్పేది మరొకటి: ఎదుటివైపు పేరిచ్చిన ప్రతి ఒక్కరినీ విచారించకుండా పట్టుకుపోయే పోలీసు అలవాటు. దానికి ఆడా మగా తేడా లేదు.

స్టూడియోలో ఒకటి, గంగ ఒడ్డున ఒకటి

టీవీ చర్చలకు వచ్చే పురుష హక్కుల ప్రతినిధి చాలా సౌమ్యంగా ఉంటాడు. మేము స్త్రీలకు వ్యతిరేకం కాదు, దుర్వినియోగానికి మాత్రమే వ్యతిరేకం అనే వాక్యంతో మొదలుపెడతాడు. ఇదే ఉద్యమం 2018లో వారణాసిలో గంగ ఒడ్డున చేసిన పని వేరు. నూరు మందికి పైగా భర్తలు చేరి బతికి ఉన్న మాజీ భార్యలకు, విఫలమైన తమ పెళ్లిళ్లకు అంత్యక్రియలు చేశారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘పిశాచినీ ముక్తి పూజ’. మహారాష్ట్రలోని ఔరంగాబాద్‌లో 2022 వట పూర్ణిమకు ముందురోజు, ఈ భార్య వచ్చే జన్మల్లో వద్దని కొందరు భర్తలు రావిచెట్టు చుట్టూ తిరిగారు. ఆడవాళ్లు మర్రిచెట్టుకు దారం చుట్టి ఇదే భర్త కావాలని మొక్కే పండుగను తిరగేసి చేసిన వేళాకోళం అది. రెండోది చదివి నేనూ నవ్వాను. మొదటిది చదివి నవ్వలేకపోయాను.

దుఃఖంలో ఉన్నవాళ్లు చేసిన పనిని పట్టుకుని ఉద్యమాన్నంతా తూచవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. లండన్‌లో తండ్రుల హక్కుల కోసం పోరాడినవాళ్లు 2004లో ప్రధాని టోనీ బ్లెయిర్ మీద పార్లమెంటులో ఊదారంగు పిండి విసిరారు, అదే ఏడాది ఒకతను బ్యాట్‌మన్ వేషంలో బకింగ్‌హామ్ ప్యాలెస్ గోడమీదకు ఎక్కాడు. వింత వేషం వేస్తేనే కెమెరా తిరుగుతుందన్నది అన్ని ఉద్యమాలకూ తెలిసిన సంగతే. అయితే ఆ వేషం ఎవరి మీదకు గురిపెట్టిందో చూడాలి. బ్యాట్‌మన్ వేషం ప్రభుత్వాన్ని ఎగతాళి చేసింది. పిండప్రదానం ఫలానా ఫలానా ఆడవాళ్లను చచ్చినవాళ్ల కింద జమకట్టింది.

సౌమ్యమైన ముఖానికి అసలు పరీక్ష 2022 జనవరిలో ఎదురైంది. భార్య మీద భర్త చేసే అత్యాచారానికి చట్టంలో ఉన్న మినహాయింపు గురించి ఢిల్లీ హైకోర్టు వాదనలు వింటున్న రోజుల్లో ‘మ్యారేజ్ స్ట్రైక్’ అనే హ్యాష్‌ట్యాగ్ మొదలైంది, ఆ మినహాయింపు పోతే మేము పెళ్లిళ్లు మానేస్తాం అని. లింగభేదం లేని చట్టాలే మా ధ్యేయం అని చెప్పుకున్నవారికి, భర్తకు మాత్రమే ఉన్న ఒక ప్రత్యేక రక్షణ తొలగిపోవడం స్వాగతించదగినది కావాలి కదా. పురుషుల సంఘం ఒకటి ఆ కేసులో జోక్యం చేసుకుని మరీ ఆ మినహాయింపును సమర్థించింది. ఆ ఏడాది మే 11న ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పారు.

ఆపైన 2024 జులై 1న పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు, ‘ప్రకృతి విరుద్ధ’ లైంగిక చర్యలను శిక్షించే 377 సెక్షన్ పూర్తిగా పోయింది. పరస్పర అంగీకారంతో జరిగేదాన్ని 2018లోనే సుప్రీంకోర్టు నేరం కాదంది కాబట్టి, ఆ సెక్షన్‌కు మిగిలిన ముఖ్యమైన పని బలవంతాన్ని శిక్షించడమే. ఇప్పుడు వయసొచ్చిన మగవాడి మీద అత్యాచారం జరిగితే దాన్ని అత్యాచారంగా చూసే సెక్షన్ లేదు. అచ్చమైన పురుష హక్కుల సమస్య ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే. హాస్టళ్లలో, జైళ్లలో, పని చేసే చోట్ల జరిగేవి ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే మగపిల్లలు ఎంతమందో. 498ఎ మీద వినిపించే గొంతులో పదో వంతైనా దీనిమీద నాకు వినిపించలేదు.

సగం కోసిన తీర్పులు

2005లో సుప్రీంకోర్టు 498ఎ దుర్వినియోగాన్ని ‘లీగల్ టెర్రరిజం’గా పేర్కొన్న మాట ఈ ఉద్యమం ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. అదే తీర్పు ఆ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని చెప్పి పిటిషన్‌ను కొట్టివేసిన సంగతి ఉండదు. 2024 డిసెంబరు 9న బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, భార్యవైపు వాళ్ల మీదా న్యాయవ్యవస్థ మీదా ఆరోపణలతో 24 పేజీల లేఖ రాసి చనిపోయాడు. ఆ మర్నాడే, దానితో ఏ సంబంధమూ లేని, తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో జస్టిస్ నాగరత్న, జస్టిస్ కోటీశ్వర్ సింగ్‌ల ధర్మాసనం భర్త మీద, అతని వాళ్ల మీద ఉన్న 498ఎ కేసును రద్దు చేసింది. మన హైకోర్టు రద్దు చేయడానికి ఒప్పుకోని కేసు అది. వ్యక్తిగత పగ తీర్చుకోవడానికి ఈ సెక్షన్‌ను వాడుకునే ధోరణి పెరుగుతోందని ధర్మాసనం రాసింది. క్రూరత్వాన్ని అనుభవించిన స్త్రీ నోరు మూసుకుని ఉండాలని మేము ఒక్క క్షణం కూడా అనడం లేదని కూడా రాసింది. మొదటి మాట వారం రోజుల్లో దేశమంతా తిరిగింది. రెండోది తీర్పులోనే ఉండిపోయింది.

శిక్షల శాతం గురించీ ఇలాంటి మాటే వినిపిస్తుంది. 498ఎ కేసుల్లో నూటికి పదిహేనుకు మించి శిక్ష పడటం లేదు కాబట్టి మిగిలినవన్నీ తప్పుడు కేసులేనట. పదిహేను శాతం అన్న అంకె అర్నేష్ కుమార్ తీర్పులోనిదే. కానీ మన జిల్లా కోర్టుల్లో ఈ కేసులు ఎలా ముగుస్తాయో తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. ఇచ్చిన డబ్బు, బంగారం వెనక్కి ఇచ్చే ఒప్పందం కుదురుతుంది, పరస్పర అంగీకార విడాకుల కాగితం తయారవుతుంది, వాయిదా రోజున అమ్మాయి బోనెక్కి నాకు ఎవరిమీదా ఫిర్యాదు లేదంటుంది, కేసు కొట్టివేసినట్టు లెక్కకెక్కుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు రాష్ట్ర సవరణ చేసి, కోర్టు అనుమతితో 498ఎ కేసును రాజీ చేసుకోవడానికి వీలు కల్పించారు. ‘ఈ కేసులో రాజీకి కూడా దారి లేదు’ అని ఉత్తరాది కరపత్రాన్ని తెలుగులోకి దించి పంచినవారికి ఈ సంగతి తెలిసినట్టు లేదు.

అవతలి వాదనలో నిజం లేదని కాదు. కేసు పెడితే గానీ బేరానికి దిగరు అని అమ్మాయి తండ్రికి సలహా ఇచ్చే వకీళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. గృహహింస, మనోవర్తి, 498ఎ మూడూ ఒకేసారి వేసి మూడు కోర్టుల చుట్టూ తిప్పడం ఒక పద్ధతిగా మారింది. ఇది ఆడవాళ్ల కుట్రగా కాక వకీళ్లూ పోలీసులూ పెద్దమనుషులూ కలిసి తయారుచేసిన ఒక బేరసారాల వ్యవస్థగా నాకు కనిపిస్తుంది. ఏటా ఆరు వేలకు పైగా వరకట్న మరణాల కేసులు నమోదయ్యే దేశంలో ఆ తండ్రికి మరో దారి చూపించినవాళ్లు కూడా లేరు.

ఫోను నిలబెట్టిన నాన్న

ఆ బొమ్మ పంపినవాడు మా చిన్నాన్న కొడుకు. విడాకుల కేసు నడుస్తోంది. కూతురికి ఏడేళ్లు. నెలకు రెండుసార్లు, రెండేసి గంటలు, ఫ్యామిలీ కోర్టు ఆవరణలోని గదిలో కూర్చోబెడతారు. ఒకసారి నన్ను తోడు రమ్మన్నాడు. గోడలకు కార్టూన్ బొమ్మలు, మూలన చక్రం ఊడిన బొమ్మకారు, తలుపు దగ్గర కుర్చీలో పిల్ల అమ్మమ్మ. వాడు కొని తెచ్చిన గౌను పిల్లకు చిన్నదైంది, ఇంట్లో ఉన్నప్పటి కొలతే వాడికి గుర్తుంది మరి. దానికేం నాన్నా, మా ఫ్రెండు చెల్లికి ఇస్తా అంది పిల్ల.

అందాకా బాగానే ఉంది. తర్వాత వాడు ఫోన్ తీసి నీళ్ల సీసాకు ఆనించి, తామిద్దరూ కనిపించేలా నిలబెట్టాడు. ప్రతి భేటీనీ రికార్డు చేయాలని వాడు ఆదివారాలు వెళ్లే సంఘంలో చెప్పారట, పిల్ల సంతోషంగా ఉన్నట్టు రుజువుకు. పిల్ల నాలుగైదు నిమిషాలు చూసింది. నాన్నా, అది ఎవరు చూస్తారు అని అడిగింది. ఆ తర్వాత గంటన్నర సేపూ ఫోనుకు వీపు పెట్టి ఆడుకుంది.

ఆ సంఘాన్ని తిట్టడం నాకు సులువు, కానీ న్యాయం కాదు. భార్య వెళ్లిపోయిన మొదటి నెలల్లో మేమెవరమూ వాడి మాట పూర్తిగా వినలేదు. మగాడివి, ఇంత బెంబేలు పడతావేం అన్నారు పెద్దవాళ్లు. స్నేహితులు సీసా తెరిచారు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తింది ఆ సంఘం హెల్ప్‌లైన్‌లో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి ఒక్కడే. ఈ సంఘాలు చేసే మంచి పనుల్లో అది నిస్సందేహంగా మొదటిది, దాని గురించి వాళ్లు బయట చెప్పుకునేది చాలా తక్కువ. వినే పని దగ్గర ఆగకుండా విన్న ప్రతివాణ్నీ సాక్ష్యం పోగుచేసే మనిషిగా తయారుచేయడం దగ్గరే నా పేచీ. ఏడాది తిరిగేసరికి మా వాడి మాటల్లో కూతురి పేరు తగ్గి, ఎవిడెన్సు, క్వాష్, కౌంటరు లాంటి మాటలు పెరిగాయి.

గొంతు పెంచక తప్పదంటారు

ఈ వ్యాసంలో చాలా భాగం నేను ఒక వకీలు మిత్రుడితో వాదించినదే. అతను 498ఎ కేసుల్లో రెండువైపులా వాదించినవాడు. అతని మాట ఇది: మహిళా ఉద్యమమూ మొదట్లో గట్టిగానే అరిచింది, కొట్టొచ్చే అంకెలే వాడింది, అరవకపోతే 1983లో 498ఎ వచ్చేదే కాదు, ఇప్పుడు మగవాళ్లు అరుస్తుంటే లెక్కల్లో తప్పులు వెతకడం ఏం న్యాయం? ఇందులో బలం ఉంది. కిరోసిన్ పోసి కాల్చిన కోడళ్ల కేసులు ప్రమాదాలుగా మూసేస్తున్న రోజుల్లో వీధికెక్కకపోతే ఎవరూ వినేవారు కాదు. తేడా నాకు ఒకచోట కనబడుతుంది. ఆ ఉద్యమం ఏ చావులను లెక్కపెట్టిందో ఆ చావుల మీదే చట్టం అడిగింది. ఇక్కడ లెక్క కూలీలది, డిమాండ్ మరొకరిది.

ఇంకో సంగతి కూడా అతనితో అన్నాను. అరెస్టు విషయంలో పోలీసుల ఇష్టారాజ్యాన్ని ప్రశ్నించడంలో తెలుగునేలకు పెద్ద చరిత్ర ఉంది. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి పౌరహక్కుల నాయకులు ఎవరిని ఎందుకు పట్టుకుపోయారో చెప్పి తీరాలని కోర్టుల్లో, బయటా దశాబ్దాల పాటు పోరాడారు. ఆ పోరాటం నిందితుడు ఆడా మగా, కులమేమిటి, పార్టీ ఏమిటి అని చూడలేదు. చెట్టు కింద కూర్చున్న ఆ పెద్దావిడ ప్రశ్నకు సరైన వేదిక అదే అయి ఉండేది. పురుషుల హక్కుల సంఘాలు ఆ దారిలోకి రాలేదు, పౌరహక్కులవాళ్లూ వీళ్ల వైపు చూడలేదు. వీళ్ల బ్యానర్ చూసి చూపు తిప్పుకున్నారని నేను అనుకుంటాను.

అర్నేష్ కుమార్ తీర్పు మాటేమిటి, అది ఈ పోరాటాల ఫలితం కాదా అన్నాడు మిత్రుడు. ఆ తీర్పు బిహార్‌కు చెందిన ఒక భర్త వేసుకున్న ముందస్తు బెయిలు దరఖాస్తులోంచి వచ్చింది. అందులో చట్టాన్ని ఆయుధంగా వాడుకునే భార్యల గురించి ఒక మాట ఉన్నా, కోర్టు కట్టడి చేసింది వాళ్లను కాదు, కారణం రాయకుండా అరెస్టు చేసే పోలీసు అధికారిని, ఆ కాగితం చదవకుండా రిమాండ్ రాసే మెజిస్ట్రేటును. ముందు విచారణకు హాజరు కమ్మని చెప్పే 41ఎ నోటీసు ఇవ్వాలి, అరెస్టు ఎందుకు అవసరమో చెక్‌లిస్టు నింపాలి అని ఆదేశించింది. ఈ ఆదేశాలు 498ఎకు మాత్రమే కాదు, ఏడేళ్ల లోపు గానీ ఏడేళ్ల వరకు గానీ శిక్ష పడే అన్ని నేరాలకూ వర్తిస్తాయని అదే తీర్పులో ఉంది. సెల్‌ఫోన్ దొంగతనం అనుమానంతో స్టేషన్‌కు పిలిపించిన కూలీ కుర్రాడికీ, ఎ3గా పేరు ఎక్కిన ఆ ఆడపడుచుకూ అది సమానంగా పనికొస్తుంది. పురుషుల హక్కుల సంఘాలు తమ అతిపెద్ద విజయంగా ఏటా గుర్తుచేసుకునే తీర్పులో, మగవాళ్ల కోసం ప్రత్యేకంగా ఇచ్చిన ఆదేశం ఒక్కటీ లేదు.